సింగపూర్‌లో ఎక్కడ తినాలి, ఎలా తినాలి: హాకర్ సెంటర్లకి మనవాళ్ళ గైడ్

సింగపూర్ వస్తున్నాం అని ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా రెండే ప్రశ్నలు, రూమ్ ఎక్కడ తీసుకోవాలి, మన తిండి దొరుకుతుందా. దొరుకుతుంది, ఎందుకు దొరకదు, లిటిల్ ఇండియాలో ఇడ్లీ దగ్గర్నుంచి ఆంధ్రా భోజనం దాకా అన్నీ ఉన్నాయి. కానీ నాలుగు రోజులకని వచ్చి నాలుగు రోజులూ సాంబారే తిని పోతే టికెట్ డబ్బులు దండగ కదా. ఇక్కడివాళ్ళు "తిన్నావా" అనే మాటతోనే పలకరించుకుంటారు, టాక్సీ ఎక్కితే డ్రైవర్ అంకుల్ వాతావరణం గురించి కాదు ఏ నూడుల్స్ ఎక్కడ బాగుంటాయో చెప్తాడు, అలాంటి ఊరు ఇది.

మూడో ప్రశ్న ఒకటుంటుంది, "ఒక మంచి రెస్టారెంట్ పేరు చెప్పు" అని. దానికి నేను సమాధానం చెప్పడం మానేశా. ఇక్కడ పేరు పట్టుకుని తిరిగితే క్యూలో గంట నిలబడి, ఆకలి చచ్చి, ఆఖరికి "ఓస్ ఇంతేనా" అనుకుంటారు. ఏ సెంటరు, ఏ టైము, ఏం ఆర్డర్ చేయాలి, ఈ మూడూ తెలిస్తే చాలు, పేర్లతో పనిలేదు. అందుకే ఇంటికొచ్చే చుట్టాలందరికీ ముక్కలు ముక్కలుగా వాయిస్ మెసేజ్‌లు పెట్టేదంతా ఒకచోట రాసి పడేస్తున్నా.

స్టెప్ 1: నాలుగు రకాల చోట్లు, నాలుగు రకాల బిల్లులు

హాకర్ సెంటర్ అంటే పైన కప్పు ఉండి, చుట్టూ గోడలు లేకుండా, ఏసీ లేకుండా, ఫ్యాన్లు తిరుగుతూ వరసగా చిన్న చిన్న స్టాళ్ళు ఉండే చోటు. ఒకప్పుడు వీళ్ళంతా మన బండ్లవాళ్ళలాగే రోడ్డు మీద అమ్ముకునేవాళ్ళు. 1960ల చివర్లో ప్రభుత్వం వీళ్ళందరి పేర్లూ రాసుకుని లైసెన్సులు ఇచ్చి, 1971 నుంచి 1986 దాకా కుళాయి, కరెంటు, డ్రైనేజీ ఉన్న సెంటర్లు కట్టి అందులోకి మార్చింది. అందుకే ఒక్కో స్టాల్‌లో ఒక్కటే ఐటమ్, రెండు మూడు రకాలు మించి ఉండవు, ఆ ఒక్కటే ముప్పై నలభై ఏళ్ళుగా వండుతున్నవాళ్ళున్నారు. 2020లో యునెస్కో ఈ హాకర్ కల్చర్‌ని వారసత్వ జాబితాలో పెట్టింది. ఊరంతా కలిపి ఇలాంటి సెంటర్లు వందకి పైనే ఉన్నాయి. ప్లేటు మామూలుగా 4 నుంచి 6 డాలర్లు (డాలర్‌ని లెక్కకి 70 రూపాయలు అనుకోండి, కానీ ప్రతిదీ రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చుంటే ముద్ద దిగదు, ముందే చెప్తున్నా).

కోపీతియామ్ అంటే అపార్ట్‌మెంట్ బ్లాకుల కింద ఉండే కాఫీ షాపు, పది స్టాళ్ళ లోపు ఉంటాయి. రేటు ఇంచుమించు అదే. ఫుడ్ కోర్ట్ అంటే మాల్‌లో ఏసీ, అదే వంటకి ఒకట్రెండు డాలర్లు ఎక్కువ, రుచి ఒక మెట్టు తక్కువ. ఎండకి తట్టుకోలేని పెద్దవాళ్ళు ఉంటే మాత్రం ఏసీకి డబ్బులు కడుతున్నాం అనుకుని వెళ్ళండి, తప్పులేదు.

ఇక రెస్టారెంట్. మెనూలో రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే జాగ్రత్త. ఒక ప్లస్ 10 శాతం సర్వీస్ ఛార్జి, రెండో ప్లస్ 9 శాతం జీఎస్టీ, అది మళ్ళీ సర్వీస్ ఛార్జి కలిపిన మొత్తం మీద వేస్తారు. 50 డాలర్లకి తిన్నాం అనుకుంటే బిల్లు 59.95 వస్తుంది. పైగా టేబుల్ మీద అడక్కుండా పెట్టిన వేరుశెనక్కాయలకీ, తడి టిష్యూకీ కూడా కొన్నిచోట్ల బిల్లు వేస్తారు, వద్దంటే తీసేస్తారు, మొహమాటపడకండి. హాకర్ సెంటర్‌లో ఈ గోలేం లేదు, బోర్డు మీద ఎంత ఉంటే అంతే. టిప్పు ఎక్కడా ఇవ్వక్కర్లేదు.

స్టెప్ 2: సెంటర్ ఎంచుకోండి

మీరు దిగిన చోటికి దగ్గర్లో ఉన్నదే మొదట చూడండి, నిజంగా. టూరిస్టులు ఎవరూ రాని పేట సెంటర్‌లో కూడా ఒకట్రెండు అదరగొట్టే స్టాళ్ళు ఉంటాయి. కానీ పేరున్నవి చెప్పకపోతే ఊరుకోరు కాబట్టి చెప్తా.

మొదటిసారి వచ్చినవాళ్ళకి మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్. పెద్దదీ కాదు చిన్నదీ కాదు, చైనాటౌన్ పక్కనే, 2022లో గుమ్మం ముందరే ఎంఆర్‌టీ (ఇక్కడి మెట్రో) స్టేషన్ కూడా తెరిచారు. టియన్ టియన్ అనే చికెన్ రైస్ స్టాల్ ఇక్కడే ఉంది, సోమవారం సెలవు. దాని క్యూ చూసి భయమేస్తే పక్కన ఇంకా చికెన్ రైస్ స్టాళ్ళున్నాయి, తేడా ఏంటో పట్టుకోడానికి మన నాలుకకి కొన్నేళ్ళు పడుతుంది, కాబట్టి చిన్న క్యూలో నిలబడండి.

చైనాటౌన్ కాంప్లెక్స్ రెండో అంతస్తులో ఉంటుంది, ఊళ్ళో అన్నిటికంటే పెద్దది, రెండొందలకి పైగా స్టాళ్ళు, లోపలికెళ్తే దారి తప్పడం ఖాయం. 2016లో రెస్టారెంట్లకి స్టార్లు ఇచ్చే మిషెలిన్ వాళ్ళు సింగపూర్‌కి మొదటిసారి గైడ్ వేసినప్పుడు ఇక్కడున్న సోయా సాస్ చికెన్ స్టాల్‌కి స్టార్ ఇచ్చారు, ప్లేటు 2 డాలర్లు అప్పట్లో, ప్రపంచమంతా వార్తయింది. 2021లో ఆ స్టార్ పోయింది. అందుకే అంటున్నా, స్టిక్కర్లు చూసి కాదు, ఇళ్ళ నుంచి నైటీల్లాంటి బట్టలూ చెప్పులూ వేసుకొచ్చిన ముసలి ఆంటీలు ఏ క్యూలో నిలబడ్డారో చూసి అందులో నిలబడండి.

లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్. కింద ఒకవైపు చేపలూ మాంసం కూరగాయల మార్కెట్టు, ఇంకోవైపు స్టాళ్ళు. బిర్యానీ, ప్రాటా (మన పరోటా), ఇండియన్ రోజాక్ (సాస్‌లో ముంచుకునే వేపుళ్ళు), మీ గోరెంగ్ (నూడుల్స్ వేపుడు). ఇక్కడి బిర్యానీని హైదరాబాద్‌తో పోల్చొద్దు, పోల్చారంటే గొడవే, అది వేరే వంట, పక్కన కూర పోసుకుని తినే అన్నం అనుకుని తినండి, బాగుంటుంది.

మలయ్ వంటలకి గేలాంగ్ సెరాయ్ మార్కెట్. సాయంత్రం సముద్రపు గాలి కావాలంటే ఈస్ట్ కోస్ట్ లగూన్, బీచ్ పక్కనే, కాకపోతే మెట్రో దిగి కొంచెం దూరమే, నడవలేనివాళ్ళు బస్సో టాక్సీయో ఎక్కండి. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ సెంటర్ డకోటా స్టేషన్ నుంచి నడిచే దూరం, నా ఓటు దానికే, టూరిస్టులు తక్కువ, నూడుల్స్ రకాలు ఎక్కువ. లౌ పా సాట్ 1894 నాటి ఇనప స్తంభాల కట్టడం, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ లోపల రేట్లు ఆఫీసుల ఏరియా రేట్లు. అక్కడికి పగలు కాదు, రాత్రి 7 దాటాక వెళ్ళండి. పక్కనున్న బూన్ టాట్ వీధిని వాహనాలకి మూసేసి రోడ్డు మీదే టేబుళ్ళు వేసి బొగ్గుల మీద సాటే (పుల్లలకి గుచ్చిన మాంసం ముక్కలు) కాలుస్తారు, ఆ పొగలో కూర్చుని తినడమే అసలు మజా.

టైము గురించి ఒక మాట. ఆఫీసుల ఏరియాలో 12 నుంచి 2 దాకా అడుగుపెట్టకండి, 11కే వెళ్ళండి. చాలా స్టాళ్ళు పొద్దున్నే తెరిచి వండింది అయిపోగానే మధ్యాహ్నం మూడింటికే మూసేసుకుంటాయి, "రాత్రికి వెళ్దాంలే" అనుకుంటే షట్టరే కనిపిస్తుంది. సోమవారం, మంగళవారం సెలవు పెట్టేవాళ్ళు ఎక్కువ. దీనికి తోడు మూడు నెలలకోసారి సెంటర్ మొత్తం క్లీనింగ్‌కి మూసేస్తారు, బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ఒకసారి చూసుకోండి.

స్టెప్ 3: లోపలికి అడుగుపెట్టాక

మొదట టేబుల్, తర్వాత తిండి. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టో, గొడుగో, ఆఫీసు ఐడీ కార్డో కనిపిస్తే ఆ సీటు ఎవరిదో అని అర్థం, దీన్ని "చోప్" చేయడం అంటారు, మనం బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టే. నేను వచ్చిన కొత్తలో ఎవరో పాపం టిష్యూలు మర్చిపోయారు అనుకుని ఆ ప్యాకెట్ చింపి దర్జాగా చేతులు తుడుచుకుని కూర్చున్నా, రెండు నిమిషాలకి ఒకావిడ సూప్ గిన్నె పట్టుకుని వచ్చి నా మొహం, ఆ ప్యాకెట్టూ మార్చి మార్చి చూసింది. ఏమీ అనలేదు, అది ఇంకా నరకం. కాబట్టి మీరూ ఒక టిష్యూ ప్యాకెట్ జేబులో పెట్టుకోండి, ఎలాగూ ఇక్కడ టిష్యూలు ఎవరూ ఇవ్వరు, సీటుకీ చేతికీ రెండిటికీ పనికొస్తుంది. మంచినీళ్ళు కూడా ఫ్రీగా పెట్టరు, బాటిల్ తెచ్చుకోండి, కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు.

తర్వాత ఒక రౌండు తిరగండి, తొందరేం లేదు. కొన్ని స్టాళ్ళు టేబుల్ దగ్గరికి తెచ్చిస్తాయి, వాటికి మీ టేబుల్ నంబర్ చెప్పాలి, ఎక్కువవాటికి సెల్ఫ్ సర్వీసే. మీ వంతు వచ్చేసరికి ఏం కావాలో రెడీగా ఉండాలి, "ఇది ఏంటి, అది ఏంటి, అందులో ఏం వేస్తారు" అని లంచ్ టైమ్‌లో అడిగితే అంకుల్‌కి బీపీ వస్తుంది, కోపం కాదు, వెనక ముప్పైమంది ఉన్నారని. ఇక్కడ పెద్దవాళ్ళందరినీ అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, తమిళం మాట్లాడే స్టాల్ అయితే "అణ్ణే" అంటే మొహం వెలిగిపోతుంది. "హ్యావింగ్ హియర్?" అని అడుగుతారు, ఇక్కడే తింటారా అని, పార్సిల్ కావాలంటే "టపావ్" అనండి. "చిల్లీ?" అని అడిగితే గుంటూరోళ్ళయినా మొదటిసారి "కొంచెం" అనండి, చిల్లీ పాడి అనే ఆ చిన్న మిరపకాయ మన కారంలాగా మెల్లగా ఎక్కదు, నేరుగా చెవుల్లోకి పోతుంది.

పది డాలర్ల లోపు నోట్లు దగ్గర పెట్టుకోండి. స్థానికులంతా క్యూఆర్ కోడ్ కొట్టేస్తారు కానీ అది ఎక్కువగా ఇక్కడి బ్యాంకు అకౌంట్లకి, మనకి క్యాషే దిక్కు కొన్ని ముసలివాళ్ళ స్టాళ్ళలో.

తిన్నాక ట్రే తీసుకెళ్ళి ర్యాక్‌లో పెట్టాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, 2021 సెప్టెంబర్ నుంచి హాకర్ సెంటర్లలో రూలు, మొదటిసారి హెచ్చరిక, మళ్ళీ చేస్తే జరిమానా. ర్యాకులు రెండుంటాయి, హలాల్ వేరే, మిగతావి వేరే, కలపకండి.

స్టెప్ 4: కాఫీ ఆర్డర్ చేయడం, ఇదొక పరీక్ష

దీనికి కొంచెం ఎక్కువ రాస్తా ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. "వన్ కాఫీ" అంటే వచ్చేది చిక్కటి కండెన్స్‌డ్ మిల్క్ అడుగున పేరుకున్న పాయసంలాంటి కాఫీ. గింజల్ని చక్కెర, మార్జరిన్ వేసి నల్లగా వేయించి, పొడవాటి గుడ్డ సంచిలో వడకడతారు, మన పాతకాలం గుడ్డ ఫిల్టర్ గుర్తొస్తుంది. రుచి ఘాటు, వాసన ఇంకా ఘాటు.

పద్ధతి ఏంటంటే మాటలు ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోవాలి. ఉత్త "కోపీ" అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో. "కోపీ ఓ" అంటే పాలు లేకుండా చక్కెరతో. "కోపీ సీ" అంటే తీపి లేని ఎవాపరేటెడ్ మిల్క్, పైన చక్కెర. చక్కెర తగ్గించాలంటే "సియూ దై", అసలు వద్దంటే "కోసోంగ్", మలయ్‌లో ఖాళీ, సున్నా అని. స్ట్రాంగ్‌కి "గావ్", పల్చగా కావాలంటే "పో", ఐస్‌తో కావాలంటే "పెంగ్". టీకి కూడా ఇదే లెక్క, కోపీ బదులు "తే" అనాలి. అంటే షుగర్ ఉన్న మా నాన్న "తే సీ కోసోంగ్" అని నేర్చుకుని మూడో రోజుకల్లా నాకంటే ముందు ఆర్డర్ చేసేవాడు, ఐస్‌ది కావాలంటే చివర్న పెంగ్ తగిలిస్తే సరి. మన ఫిల్టర్ కాఫీకి దగ్గరగా కావాలంటే "కోపీ సీ గావ్ సియూ దై", నా మాట నమ్మండి. అల్లం టీ కావాలంటే ఇండియన్ ముస్లిం స్టాల్‌లో "తే హాలియా", నురగ వచ్చేలా పైకెత్తి పోసేది "తే తారిక్".

దీంతో పాటు పొద్దున్న తినాల్సింది కాయా టోస్ట్. కొబ్బరిపాలు, గుడ్డు, చక్కెర, పాండన్ అనే సువాసన ఆకు కలిపి చేసే జామ్‌లాంటిదే కాయా, దాన్ని కాల్చిన బ్రెడ్డు మధ్యలో రాసి చల్లటి వెన్న ముక్క పెడతారు. పక్కన రెండు గుడ్లు, సగం ఉడికీ ఉడకనివి, గిన్నెలో కొట్టి సోయా సాస్, మిరియాల పొడి వేసి టోస్ట్ ముంచుకుని తినాలి. పచ్చిగుడ్డు చూసి మా అత్తయ్య లేచి వెళ్ళిపోయింది, అది వేరే సంగతి. జామ్‌లోనూ గుడ్డు ఉంటుంది, శాకాహారులు గమనించండి.

స్టెప్ 5: నాన్‌వెజ్ తినేవాళ్ళు ఏ వరసలో మొదలుపెట్టాలి

నా వరస ఇది, ఎవరైనా కాదంటే కాదనండి. మొదట నాసి లెమాక్, కొబ్బరిపాలతో వండిన అన్నం, వేయించిన చిన్న ఎండు చేపలు, వేరుశెనగపప్పు, గుడ్డు, పైన సంబల్. అంటే కొబ్బరి అన్నంలో మెత్తళ్ళ వేపుడు, ఎర్ర కారం, మనకి పరాయిగా అనిపించే ఛాన్సే లేదు. బొటానిక్ గార్డెన్స్ చూడ్డానికి వెళ్తే దగ్గర్లో ఆడమ్ రోడ్ సెంటర్ ఉంది, అక్కడ బాగుంటుంది.

రెండోది సాటే, పుల్లలకి గుచ్చి కాల్చిన ముక్కలు, వేరుశెనగ చట్నీలో ముంచుకోవాలి. మూడోది లక్సా, కొబ్బరిపాల పులుసులో నూడుల్స్. కాటోంగ్ వైపు చేసే లక్సాలో నూడుల్స్‌ని ముందే కత్తిరించి పెడతారు, చాప్‌స్టిక్స్ అక్కర్లేదు, స్పూన్‌తో జుర్రుకోవడమే.

చికెన్ రైస్ నాలుగో స్థానంలో పెట్టా, స్థానికులు వింటే కొడతారు. కారణం ఏంటంటే కోడిని మెల్లగా ఉడికించి చల్లటి నీళ్ళలో ముంచి తీస్తారు, చర్మం జారుతూ, ముక్క తెల్లగా, గోరువెచ్చగా కూడా లేకుండా వస్తుంది, మసాలాకి అలవాటైన మనకి మొదటి ముద్దకి "ఇదేంట్రా ఆసుపత్రి తిండి" అనిపిస్తుంది. కానీ ఆ ప్లేటులో అసలు హీరో అన్నం. కోడి కొవ్వులో వెల్లుల్లి, అల్లం, పాండన్ వేసి వండిన అన్నం ఒట్టిగా తినేయొచ్చు. అల్లం ముద్ద, ఎర్ర చిల్లీ సాస్, నల్ల సోయా మూడూ కలిపి తినండి, నాలుగోసారికి మీరే క్యూలో ఉంటారు. ఉడికించింది నచ్చకపోతే "రోస్టెడ్" అడగండి.

పోర్క్ తింటే బక్ కుట్ తే వదలకండి. పేరులో తే ఉంది కానీ టీ కాదు, పోర్క్ ఎముకల సూప్, ఇక్కడి పద్ధతిలో వెల్లుల్లి, మిరియాలే ముఖ్యం, అచ్చం మిరియాల చారు. జలుబు చేసినరోజు దీన్ని మించింది లేదు. చార్ క్వే త్యావ్ అంటే వెడల్పు బియ్యం నూడుల్స్‌ని మంట మీద పొగ వాసన వచ్చేదాకా వేయించేది, అందులో పోర్క్ కొవ్వు, చిన్న ఆల్చిప్పల మాంసం ఉంటాయి, తెలిసి తినండి. క్యారెట్ కేక్ అంటారు, అందులో క్యారెట్టూ లేదు, అది కేకూ కాదు, ముల్లంగి, బియ్యప్పిండి కలిపి ఆవిరికి ఉడికించి గుడ్డుతో వేయించిన ముక్కలు. సంబల్ పూసి అరిటాకులో కాల్చే స్టింగ్‌రే అంటే మన టేకు చేపే, కోస్తావాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

పీతల సంగతి. చిల్లీ క్రాబ్ 1950ల్లో ఇక్కడ ఒకావిడ తోపుడు బండి మీద మొదలుపెట్టిన వంట. పేరు చూసి కారం ఊహించుకోకండి, టమాటా, గుడ్డు కలిసిన తీపి గ్రేవీ, వేయించిన బన్ను ముంచుకుని తినడానికి బాగుంటుంది. మన నాలుకకి బ్లాక్ పెప్పర్ క్రాబే కరెక్టు. శ్రీలంక మండపీతలంటే ఇక్కడ మోజు, రేటు కిలో లెక్కన, మెనూలో "సీజనల్" అని మాత్రమే రాసి ఉంటుంది. ఒకసారి మామయ్యని తీసుకెళ్ళి, అడక్కుండా "పెద్దది ఇవ్వు" అని చెప్పి, బిల్లు చూసి ఇద్దరం మాట్లాడుకోకుండా ఇంటికొచ్చాం. తప్పు నాదే. కిలో ఎంత, ఈ పీత ఎన్ని కిలోలు, మొత్తం ఎంతవుతుంది, ఈ మూడూ అడిగి ఫోన్‌లో టైప్ చేసి చూపించి "ఓకే" అనిపించుకున్నాకే వండమనండి.

స్టెప్ 6: శాకాహారులకి, అమ్మానాన్నల్ని తెస్తున్నవాళ్ళకి

ముందు ప్రమాదాలు. ఆకుకూర వేపుడు కదా అని ఆర్డర్ చేస్తే అందులో బెలాచన్ ఉంటుంది, రొయ్యల ముద్ద. సంబల్ అన్నిట్లోనూ అదే అనుమానం. సూప్ అంటే కోడో చేపో. ప్రాటా పక్కన అడక్కుండా ఇచ్చేది చేపల కూర, "పప్పు ఇవ్వండి" అంటే ఇచ్చే దాల్చాలో కూడా మటన్ ఎముకలు పడే చోట్లున్నాయి, గట్టిగా అడగండి. "నో మీట్" అంటే సరిపోదు, వాళ్ళ దృష్టిలో చేప, రొయ్య మీట్ కాదు, "వెజిటేరియన్, నో ఫిష్, నో ప్రాన్, నో ఎగ్" అని విడివిడిగా చెప్పండి.

ఇప్పుడు మంచి కబురు. దాదాపు ప్రతి పెద్ద సెంటర్‌లో చైనీస్ బౌద్ధుల వెజిటేరియన్ స్టాల్ ఒకటుంటుంది, కొన్నిటి బోర్డు మీద స్వస్తిక్ గుర్తు కూడా ఉంటుంది, మన దానికి తిరగేసిన దిక్కులో. చాలామంది ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, ఏకాదశి మనుషులకి ఇంతకంటే ఏం కావాలి. పొద్దున్న వెజిటేరియన్ బీ హూన్, అంటే సన్న సేమ్యా వేపుడు, నచ్చినవి చూపించి వేయించుకోవచ్చు. చైనీస్ నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు ఈ స్టాళ్ళ ముందు చాంతాడంత క్యూ, ఆ రోజు వాళ్ళకి శాకాహారం.

ఒక హెచ్చరిక, అక్కడ మాంసంలాగా కనిపించేదంతా సోయా, గోధుమలతో చేసిందే. బోర్డు మీద డక్ అని, మటన్ అని రాసి ఉంటుంది, ప్లేట్లో ముక్కలు అచ్చం అలాగే ఉంటాయి. మా అమ్మ నమ్మలేదు, స్టాల్ ఆంటీ బయటికొచ్చి దండం పెట్టినట్టు చేతులు జోడించి "బుద్ధా, బుద్ధా" అంటేగానీ ముట్టుకోలేదు, తిన్నాక కూడా రెండు రోజులు అనుమానంగానే ఉంది.

పెద్దవాళ్ళకి నేను వేసే ట్రిప్ ఏంటంటే వాటర్‌లూ వీధి. అక్కడ శ్రీకృష్ణుడి గుడి, పక్కనే చైనీస్ వాళ్ళ క్వాన్ ఇమ్ గుడి, ఆ గుడికొచ్చిన చైనీస్ భక్తులు కృష్ణుడి గుడి ముందు కూడా అగరొత్తులు వెలిగించి వెళ్తారు. రెండు దర్శనాలు అయ్యాక దగ్గర్లో ఫార్చ్యూన్ సెంటర్ అనే పాత బిల్డింగ్‌లోకి దూరండి, లోపల వెజిటేరియన్ షాపులు వరసగా ఉన్నాయి. బూగిస్ స్టేషన్‌లో దిగితే చాలు.

చిరుతిళ్ళు చెప్పలేదు కదూ. తావ్ హ్వే అని సోయాపాలతో తోడుపెట్టింది, చూస్తే జున్నే, పైన చక్కెర పాకం. ఒండే ఒండే అంటే పచ్చటి ఉండ్రాళ్ళలో బెల్లం పాకం పెట్టి పైన కొబ్బరికోరు అద్దింది, నోట్లో వేసుకుని మూతి మూసే కొరకండి, లేదంటే ఎదుటివాళ్ళ చొక్కా మీద పడుతుంది. పుతు పిరింగ్ బియ్యప్పిండి కుడుము, మధ్యలో బెల్లం. ఇవి మా అమ్మ అనుమానం లేకుండా తిన్న మూడు పదార్థాలు.

బీఫ్ తినని వాళ్ళకి చిన్న మాట. రెండాంగ్ (మసాలాలో ఇగిరించిన మాంసం కూర) అంటే ఎక్కువగా బీఫే, సాటేలో చికెన్, మటన్, బీఫ్ మూడూ ఉంటాయి, విడిగా చెప్పి తీసుకోండి. "నో పోర్క్ నో లార్డ్" అన్న బోర్డు ఉంటే పోర్క్ లేదని మాత్రమే అర్థం, హలాల్ కావాలంటే ముయిస్ (ఇక్కడి ఇస్లామిక్ మత మండలి) సర్టిఫికెట్ చూసుకోవాలి.

స్టెప్ 7: ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు

సెరంగూన్ రోడ్‌లో కోమల విలాస్ 1947 నుంచి దోసెలు వేస్తోంది, ఆనంద భవన్ ఇంకా పాతది, 1924. రేస్ కోర్స్ రోడ్‌కి వెళ్తే అరిటాకు భోజనాలు, ఆంధ్రా హోటళ్ళు. అయితే అక్కడికెళ్ళి పప్పన్నం తినడం కంటే చేప తలకాయ పులుసు తినండి, అది మన తిండిలా కనిపించే సింగపూర్ తిండి. 1949లో కేరళ నుంచి వచ్చిన గోమెజ్ అనే ఆయన, చైనీస్ వాళ్ళకి చేప తల అంటే ఇష్టమని గమనించి మన పులుసులో తలని పడేశాడు, అంతే. చింతపండు, బెండకాయ, వంకాయ, ఒక్కో తల ముగ్గురు నలుగురికి సరిపోతుంది. మా ఇంట్లో వండే పులుసు కంటే పులుపు తక్కువే, అయినా అన్నం మూడుసార్లు పెట్టించుకుంటారు.

స్టెప్ 8: ఒక్కరోజే ఉంటే

పొద్దున్న 8కి దగ్గర్లో ఉన్న కోపీతియామ్‌లో టోస్ట్, కోపీ. ఎక్కువ తినొద్దు. 11కి మాక్స్‌వెల్, ఇద్దరు వెళ్తే మూడు ప్లేట్లు తీసుకుని పంచుకోండి, ఒక్కళ్ళే ఒక ప్లేటు ఖాళీ చేస్తే కడుపులో చోటు వేస్ట్. 3కి చెండోల్ కానీ ఐస్ కచాంగ్ కానీ (రెండూ ఐస్ తురుముతో చేసే తీపి), ఎండకి అదే మందు. 5కి టెక్కాలో తే తారిక్, పక్క వీధుల్లో తిరిగి మల్లెపూలు కొనుక్కుని, 7:30కి బూన్ టాట్ వీధిలో సాటే. మధ్యలో ఏదీ మెట్రోలో తినకండి, మంచినీళ్ళు తాగినా 500 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు.

ఇంకా ఓపికుంటే, జూన్ నుంచి ఆగస్టు మధ్యలో వస్తే, గేలాంగ్‌లో డ్యూరియన్, అదే ఘాటు వాసన కొట్టే ముళ్ళ పండు. మావో షాన్ వాంగ్ రకం అడిగి, తూకం వేయించి, రేటు ఒప్పుకుని, అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తినండి, పార్సిల్ వద్దు. దాన్ని మెట్రోలోకి రానివ్వరు, హోటల్ రూమ్‌లోకీ రానివ్వరు, టాక్సీ అంకుల్ అయితే వాసన చూసి డోర్ కూడా తెరవడు, చేతులకి అంటిన వాసన పోయేదాకా నడుచుకుంటూ రావాలి, ఎలాగూ తిన్నది అరగాలి కదా.